శతాబ్ది ఉత్సవం 2026లోనా, 2027లోనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఒడిశాలో గుణుపురం దగ్గర మీ ఊరి రామమందిరం గోడలో ఒక రాతిపలక ఉంది. దాని మీద "అక్షయ నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి" అని చెక్కారు. అది 1926 ఉగాది అని పెద్దలు చెబుతున్నారు. శతాబ్ది ఉత్సవం 2026లో చేద్దామని కమిటీలో కొందరు అంటున్నారు. లెక్కలు బాగా వచ్చిన మాస్టారు ఒకాయన మాత్రం "21వ శతాబ్దం 2000లో కాదు, 2001లో మొదలైంది. ఆ లెక్కన మన గుడికి 2027" అన్నారు. ఎవరి మాట వినాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. 21వ శతాబ్దం, దాంతోపాటు మూడో సహస్రాబ్ది 2001 జనవరి 1న మొదలయ్యాయి. మీ మందిరానికి నూరేళ్లు 2026 ఉగాదికి నిండుతాయి. మాస్టారు చెప్పిన మొదటి మాట పూర్తిగా నిజం. దాన్ని గుడికి తెచ్చి అతికించడం దగ్గర తప్పు జరిగింది. నిజానికి రెండిటికీ సూత్రం ఒక్కటే: మొదలైననాడు ఏ అంకె నడుస్తోందో చూసి, గడిచిన ఏళ్లు దానికి కలపాలి. క్రీస్తు శకం 1తో మొదలైంది. దానికి రెండువేలు కలిపితే 2001. మీ గుడి 1926లో మొదలైంది. దానికి నూరు కలిపితే 2026. మాస్టారు గుడికి నూటొక్కటి కలిపారు.

నేను పర్లాకిమిడిలో ముప్పై ఎనిమిదేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. ఆంధ్ర, ఒడిశాల సరిహద్దు ఊరు కాబట్టి నా బల్ల మీదికి వచ్చే పాత కాగితాల్లో తేదీలు ఒక్క తీరుగా ఉండవు. కొన్నిట్లో ఇంగ్లీషు తేదీ, కొన్నిట్లో ఫసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం), కొన్నిట్లో శాలివాహన శకం, ప్రభవ విభవ పేర్లు, ఇంకా పాతవైతే రాజుగారి ఏలుబడి ఏళ్లు చెప్పే అంక. ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి మార్చడం నాకు రోజూ పనే. ఒక్క ఏడు అటూ ఇటూ అయితే ఒక కుటుంబం భూమి చిక్కులో పడుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చిక్కంతా నడుస్తున్న ఏడుకీ నిండిన ఏడుకీ మధ్యే ఉంది. మన ఇళ్లలో "అమ్మాయికి తొమ్మిదో నెల పడింది" అంటారు. అంటే ఎనిమిది నిండి తొమ్మిదోది నడుస్తోందని. "తొమ్మిది నెలలు నిండాయి" అంటే మాట వేరు, ఇంట్లో హడావిడి వేరు. ఈ రెండు మాటల్నీ మన ఆడవాళ్లు ఎప్పుడూ కలిపెయ్యరు. "ఇరవయ్యో ఏడు నడుస్తోంది", "ఇరవై నిండాయి" కూడా అంతే. ఎవరైనా పోయినప్పుడు పదకొండో రోజు లెక్కపెట్టేటప్పుడు పోయిన రోజునే ఒకటిగా తీసుకుంటాం. తెలుగులో ఇంత స్పష్టంగా ఉన్న తేడా, కేలండరు మీద అంకె చూడగానే మనకి మసకబారిపోతుంది. ఎందుకంటే 2026 అని రాసి ఉన్నచోట అది నడుస్తున్నదో నిండినదో ఆ అంకె చెప్పదు.

క్రీస్తు శకంలో రాసేది నడుస్తున్న ఏడు. 2026 అంటే రెండువేల ఇరవై ఆరో సంవత్సరం నడుస్తోందని అర్థం, నిండినవి 2025. ఈ లెక్క మొదలుపెట్టింది డయొనీసియస్ ఎక్సిగస్ అనే సన్యాసి, 525లో. అప్పటిదాకా ఈస్టర్ పండగ పట్టికలకి రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ పేరున ఒక శకం వాడేవారు. క్రైస్తవుల్ని హింసించిన రాజు పేరు మాకెందుకని, ఆయన క్రీస్తు పుట్టుక నుంచి లెక్క కట్టాడు. ఆ లెక్కలో మొదటి ఏడు 1. దానికి ముందు ఏడు క్రీస్తు పూర్వం 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. అప్పటికి యూరప్ లెక్కల్లో సున్నా ఒక సంఖ్యగా లేనే లేదు. మన దగ్గర బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికలూ తీసివేతలూ ఎలా చెయ్యాలో సూత్రాలు రాసింది 628లో, అంటే డయొనీసియస్ తర్వాత వందేళ్లకి.

1 నుంచి మొదలైతే మొదటి నూరు 100తో పూర్తవుతుంది, 99తో కాదు. రెండో నూరు 101తో మొదలు. అలా లెక్కపెట్టుకుంటూ వస్తే 20వ శతాబ్దం 1901 నుంచి 2000 డిసెంబరు 31 దాకా. ఇంగ్లండులోని గ్రీనిచ్ అబ్జర్వేటరీ, అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీ కూడా 2001నే చెప్పాయి. ఈ వాదన 1900 వచ్చినప్పుడూ జరిగింది. జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్ తన దేశంలో కొత్త శతాబ్దం 1900 జనవరి 1నే మొదలైనట్టు ప్రకటించాడు. రాజు ప్రకటిస్తే ఉత్సవం జరుగుతుంది గానీ కూడిక మారదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి మన చిన్నరైలు నడిచింది 1900లో. దాన్ని 20వ శతాబ్దపు రైలు అనేస్తాం గానీ, లెక్క ప్రకారం 19వ శతాబ్దం ఆఖరి ఏట వచ్చిన రైలు అది. గుణుపురం దాకా పొడిగించింది 1931లో.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. నాకు ఎంతో ఇష్టమైనది కూడా ఇదే. మన పంచాంగం లెక్క దీనికి తలకిందులు. పంచాంగంలో కలి, శాలివాహన శకం అంకెలు గడిచిన ఏళ్లు. గతకలి, గతశకం అంటారు. శకం 1948 అని ఉంటే 1948 ఏళ్లు నిండాయని, 1949వది నడుస్తోందని అర్థం. అంటే ఆ లెక్క సున్నాతో మొదలైనట్టే. కాబట్టి శకం 1900 అని పంచాంగం మీద పడ్డ ఉగాదినాడే, అంటే 1978లో, శాలివాహన శకానికి పంతొమ్మిది నూర్లు నిండి ఇరవయ్యోది మొదలైంది. అక్కడ 1901 దాకా ఆగక్కర్లేదు. ఆ శకంలో శతాబ్దం గుండ్రటి అంకెతో మొదలవుతుంది, క్రీస్తు శకంలో దాని తర్వాతి అంకెతో. ఏ శకమో చెప్పకుండా "శతాబ్దం ఎప్పుడు మొదలవుతుంది" అని అడిగితే ఒకే జవాబు ఉండదు.

ఆర్యభటుడు తన వయసు చెప్పినచోట ఇది చక్కగా కనబడుతుంది. కలియుగంలో అరవై అరవైలు, అంటే 3600 ఏళ్లు గడిచేసరికి తనకి ఇరవై మూడేళ్లు అన్నాడు. కలి మొదలు క్రీ.పూ. 3102. ఇప్పుడు 3600లోంచి 3102 తీసేస్తే 498 వస్తుంది. కానీ సరైన సంవత్సరం క్రీ.శ. 499. ఆ ఒక్క ఏడు తేడా ఎందుకొచ్చింది? మధ్యలో సున్నా సంవత్సరం లేకపోవడం వల్ల. క్రీస్తు పూర్వం నుంచి క్రీస్తు శకంలోకి దాటే ప్రతి లెక్కలోనూ ఇది అడ్డొస్తుంది. ఖగోళ శాస్త్రవేత్తలు దీనికే విసిగి క్రీ.పూ. 1ని సున్నాగా రాసుకుంటారు. వాళ్ల లెక్కలో కలి మొదలు −3101. అప్పుడు నేరుగా 499 వస్తుంది.

ఇక మన ప్రాంతపు అంక గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. పంజి అనే ఒడియా పంచాంగంలో గజపతి రాజు ఏలుబడి ఏళ్లు అంక పేరుతో ఉంటాయి. భాద్రపద శుద్ధ ద్వాదశి, సునియా నాడు అంక మారుతుంది. పర్లాకిమిడి, పెద్ద కిమిడి, చిన్న కిమిడి జమీందారుల పేరున కూడా ఒకప్పుడు ఇదే పద్ధతిలో అంకలు నడిచాయి. ఇందులో 6తో ముగిసే అంకెలు ఉండవు. సున్నాతో ముగిసేవి కూడా, ఒక్క 10 తప్ప, ఉండవు. 1 కూడా వదిలేస్తారు. ఐదు తర్వాత ఏడు, పంతొమ్మిది తర్వాత ఇరవై ఒకటి.

ఒకసారి ఒక పెద్దాయన ఎర్రగుడ్డలో చుట్టి తాటాకు తెచ్చారు. అంచులు పురుగు తినేసింది, ముట్టుకుంటే పొడి రాలుతోంది. అందులో అంక 25 అని ఉంది. రాజు గద్దెనెక్కిన ఏడు ఆయనకి తెలుసు. దానికి 25 కలిపి, ఆ దానం ఫలానా ఏట జరిగిందని అర్జీ రాసుకుని వచ్చారు. నేను ఆయన ముందే కాగితం మీద రాశాను: 2, 3, 4, 5, 7, 8, 9, 10, 11, 12, 13, 14, 15, 17, 18, 19, 21, 22, 23, 24, 25. వేలుపెట్టి లెక్కపెట్టమన్నాను. ఇరవై ఒకటి వచ్చింది. ఆయన రెండోసారి లెక్కపెట్టారు, మళ్లీ ఇరవై ఒకటే. అంక ఇరవై ఐదు, ఏలుబడిలో ఇరవై ఒకటో ఏడు. అర్జీ మార్చి రాశాం. కాగితం మీద ఉన్న అంకె ఒకటి, గడిచిన కాలం ఇంకొకటి అన్నది ఆ రోజు నాకు బాగా మనసుకి పట్టింది.

నా పొరపాటు కూడా చెబుతాను, ఎందుకంటే మీ కమిటీలో జరిగింది దాదాపు అదే. పని నేర్చుకునే రోజుల్లో పాతపట్నం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ల తాత కొన్న భూమిని అమ్మదలచుకున్నారు. ఆ భూమి తాతకి అమ్మిన మనిషి 1965 డిసెంబరులో సంతకం పెట్టాడు. అప్పటికి అతనికి పద్దెనిమిది నిండాయా లేదా అన్నది ప్రశ్న. మైనరు అయితే ఆ దస్తావేజే నిలబడదు. అతని పుట్టుక ఇంటి పద్దు పుస్తకంలో ఫసలీ 1357 మాఘమాసం అని ఉంది. ఫసలీకి 590 కలపాలని నాకు తెలుసు. 1947 వచ్చింది. పద్దెనిమిది దాటాయి, పర్వాలేదు అని చెప్పేశాను. వాళ్లు తేలికపడి టీ తాగడానికి వెళ్లారు.

మా గురువుగారు పక్క బల్ల నుంచి ఆ కాగితం తీసుకుని చూశారు. "ఫసలీ ఎప్పుడు మారుతుందిరా?" అన్నారు. జూలై 1న. "మాఘం ఎప్పుడొస్తుంది?" జనవరి, ఫిబ్రవరి. అప్పుడు వెలిగింది నాకు. జూలై నుంచి డిసెంబరు దాకా అయితే 590 కలపాలి, జనవరి నుంచి జూన్ దాకా అయితే 591. ఆ మనిషి పుట్టింది 1948లో. సంతకం పెట్టేనాటికి పదిహేడు నిండి పద్దెనిమిదో ఏడు నడుస్తోంది. పద్దెనిమిదో ఏడు నడవడం వేరు, పద్దెనిమిది నిండటం వేరు. చట్టం అడిగేది నిండటాన్నే. నేను టీ కొట్టుకి పరిగెత్తి వాళ్లకి సంగతి చెప్పాను. వాళ్లు వకీలు సలహా తీసుకుని, ఆ మనిషి వారసుల చేత కొత్తగా సంతకాలు చేయించుకున్నారు. అప్పటినుంచి ఏ తేదీ మార్చినా నెల చూడకుండా ఏడు రాయను.

శకానికీ ఇదే జాగ్రత్త కావాలి. ఉగాది నుంచి డిసెంబరు దాకా అయితే 78 కలపాలి, జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79. తూర్పు గంగ రాజు అనంతవర్మ చోడగంగుని పట్టాభిషేకం శకం 999 అని రాగిశాసనాల్లో ఉంది. 78 కలిపితే 1077 వస్తుంది గానీ, అది జరిగింది 1078 ఫిబ్రవరిలో. ఆ ఏడు ఉగాది ఇంకా రాలేదు.

మరి 2000 జనవరి 1న లోకమంతా ఎందుకు పండగ చేసుకుంది అని మీరు అడగొచ్చు. నాలుగు అంకెలూ ఒక్కసారిగా మారడం మనిషి జీవితంలో చూడని దృశ్యం. దాన్ని తప్పుపట్టను. మన గంజాం వైపు మాత్రం ఆ రాత్రి పెద్ద సంబరమేమీ లేదు. 1999 అక్టోబరు నడిమిలో గోపాలపురం దగ్గర తుపాను తీరం దాటి మన జిల్లాల్ని కొట్టింది. అదే నెల 29న పారదీప్ వైపు మహా తుపాను వచ్చి దాదాపు పదివేల ప్రాణాలు తీసింది. డిసెంబరు నాటికి కూడా ఎగిరిపోయిన రేకులు వేయించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. నాకు గుర్తున్న కొత్త సంవత్సరం అంతా నా బల్ల మీదే ఉంది. మా దగ్గరి ఫారాలన్నిటి మీదా తేదీ చోట "19" అని ముందే అచ్చేసి ఉండేది, మిగతా రెండు అంకెలు మేం నింపేవాళ్లం. ఆ జనవరి అంతా ప్రతి ఫారం మీదా ఆ 19 కొట్టేసి, పైన 20 రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టించాం. కంప్యూటర్లు 2000ని 1900 అనుకుంటాయేమోనన్న వైటూకే టెన్షన్ మాకు కాగితం మీద అలా వచ్చింది. కాబట్టి ఆ రోజు మారింది అంకె, నిజమే. 2000ల్లోకి అడుగుపెట్టాం అనడం కూడా సరైన మాటే. 21వ శతాబ్దంలోకి అడుగుపెట్టాం అనడం మాత్రం సరి కాదు, దానికి ఇంకో ఏడు పట్టింది. 2020 నుంచి 2029 దాకా ఉన్న పదేళ్లని ఇరవైల దశకం అంటాం, అది అంకెని చూసి పెట్టుకున్న పేరు. శతాబ్దాలకి మాత్రం ఒకటో శతాబ్దం, రెండో శతాబ్దం అని వరస ఉంది. వరస ఉన్నచోట మొదటినుంచీ లెక్కపెట్టాల్సిందే.

అన్నట్టు, క్రీస్తు పుట్టుక నుంచి రెండువేల ఏళ్లు అన్నది 2000కీ 2001కీ కూడా సరిగ్గా కుదరదు. క్రీస్తు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. డయొనీసియస్ లెక్క కొన్నేళ్లు తేడాగా ఉంది. అయినా శకం అంటే అందరం ఒప్పుకున్న వరస కాబట్టి శతాబ్దాల లెక్క దానివల్ల మారదు.

ఇక మీ మందిరం దగ్గరికి వద్దాం. రాయి చెక్కించే ముందు నాలుగు సంగతులు చూసుకోండి.

ఒకటి, ఆ అక్షయ ఏ అక్షయ? ఇది అన్నిటికన్నా ముఖ్యం. పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. అక్షయ 1866లో వచ్చింది, 1926లో వచ్చింది, 1986లో వచ్చింది. రాతి మీద "క్షయ" అని ఉన్నా అదే సంవత్సరం, కంగారు పడకండి. పెద్దల మాట మీద గౌరవం ఉంచుతూనే కాగితం సాక్ష్యం వెతకండి. గుడి పేర భూమి ఉంటే పాత పట్టా ఎవరి ఇంట్లోనో ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి అందులో ఫసలీ ఉండే అవకాశం ఎక్కువ. 1926 ఉగాదికి నడుస్తున్నది ఫసలీ 1335, ఆ జూలై నుంచి 1336. ఈ రెండిట్లో ఏదో ఒకటి కనబడితే పెద్దల మాటకి గట్టి బలం వచ్చినట్టే.

రెండోది తిథా, తేదీయా అన్నది. 1926లో ఉగాది ఏప్రిల్ నడిమిలో వచ్చింది. 2026లో మార్చి 19. ఇంగ్లీషు తేదీ పట్టుకుంటే నూరేళ్లకి ఇంకా మూడు వారాలకి పైగా ఉన్నట్టు కనబడుతుంది. ప్రతిష్ఠ తిథిని బట్టి జరిగింది, రాతి మీద ఉన్నదీ తిథే. కాబట్టి ఉగాదినే పట్టుకోండి. అధిక మాసాలు కలిపి లెక్క సరిపోతూనే ఉంటుంది.

మూడోది, నూరో ఏడు అంతా జరపాలనుకుంటే అది 2025 ఉగాదితో మొదలై 2026 ఉగాదితో ముగుస్తుంది. నూరు నిండాక మొదలుపెట్టి ఏడాది పొడుగునా జరుపుకునే ఊళ్లూ ఉన్నాయి, అప్పుడు ముగింపు 2027 ఉగాదికి పడుతుంది. మాస్టారికి మనసు కష్టం కలగకుండా ఇలా చెయ్యొచ్చు కూడా: 2026 ఉగాదికి మొదలుపెట్టి 2027 ఉగాదికి ముగించండి. కానీ "నూరో వార్షికోత్సవం", "నూటొకటో ఉగాది" అన్న మాటలు కలిపెయ్యకండి. మొదటి ఉగాది గుడి కట్టిన రోజే కాబట్టి 2026లో వచ్చేది నూటొకటో ఉగాది, నిండినవి నూరేళ్లు. 2022 ఆగస్టు 15న కూడా ఇదే జరిగింది. స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు నిండాయి, అది 76వ స్వాతంత్ర్య దినోత్సవం. రెండూ నిజమే అయినా టీవీల్లో, బ్యానర్ల మీద ఎన్ని రకాలుగా రాశారో మీరూ చూసే ఉంటారు. 2036 ఏప్రిల్ 1న ఒడిశాకి నూరేళ్లు నిండేటప్పుడు కూడా ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది.

నాలుగోది, రాతి మీద "శతాబ్ది" అన్న ఒక్క మాటతో వదిలెయ్యకండి. తర్వాత చదివేవాళ్లకి నడుస్తున్నదో నిండినదో తెలియాలి. నేనైతే ఇలా రాస్తాను:

"శాలివాహన శకం 1848, అక్షయ నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి (1926) నాడు ప్రతిష్ఠ. శకం 1948, పరాభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి (19-3-2026) నాటికి నూరేళ్లు నిండిన సందర్భంగా గ్రామస్తులు వేయించిన పలక."

కింద ఇదే మాట ఒడియాలో కూడా చెక్కించండి, మీ ఊళ్లో పిల్లలు ఇప్పుడు చదువుతున్నది ఆ లిపే కదా. పాత పట్టా దొరికితే ఫసలీ అంకె ఉన్న చోటు, పక్కన నెల ఉన్న చోటు రెండూ కనబడేలా ఫొటో తీసి పెట్టండి. చెక్కేవాడికి అడ్వాన్సు ఇచ్చే ముందే చూసి చెబుతాను.